మీకు తెలుసా? ఉద్దానం ఎండ, మొహం మీద మచ్చ, మందుల షాపు ట్యూబు

పలాసలో గానీ టెక్కలిలో గానీ మందుల షాపు ముందు కాసేపు నిలబడండి. "నలుపు తగ్గే ట్యూబు ఒకటియ్యండి" అనే మాట వినపడుతుంది. ఏ నలుపు, ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడిగే గొంతు మాత్రం అరుదు. ఆ అడగని ప్రశ్నల చుట్టూ ఏరిన సంగతులివి. ముందే ఒక మాట: చామనచాయ, నలుపు రోగాలు కావు, వాటికి మందు అక్కర్లేదు. ఇక్కడి ముచ్చటంతా ఎండకూ మంటకూ ఒంటి మీద లేచిన మచ్చల గురించే.

నల్లటి చర్మం ఎండను తట్టుకుంటుంది, మచ్చను మాత్రం వదలదు

మనిషి నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా చర్మంలో రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్ రేణువుల్లో ఉంది. నల్లటి చర్మంలో అవి పెద్దవిగా, విడివిడిగా పరుచుకుని ఉంటాయి. 1979లో అమెరికాలో కొలిచి చూస్తే నల్లజాతివారి పైచర్మం ఎండను ఆపే శక్తి కొలతలో దానంతటదే 13.4 ఎస్‌పీఎఫ్ రక్షణ ఇస్తోందనీ, తెల్లవారిది 3.4 దగ్గరే ఆగిందనీ తేలింది. అందుకే సోంపేట పొలంలో రోజంతా వంగి పనిచేసిన మనిషికి ఒళ్లు ఎర్రగా కాలి పొరలు ఊడటం తక్కువ.

కానీ ఈ కణాలకు ఇంకో గుణం ఉంది. ఎండే తగలనక్కర్లేదు. మొటిమ గిల్లినా, దోమ కుట్టినచోట గోకినా, ఘాటు క్రీము మండినా అవి రంగు కుమ్మరిస్తాయి. మన చర్మం మీద మంట పెట్టినదల్లా నెల తిరిగేసరికి నల్ల మచ్చ కావచ్చు. మచ్చ పోగొడతామంటూ మండించే వైద్యాలు మచ్చను పెంచడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవాటిలో సగం మీకే తోస్తాయి.

నీడ మాయమయ్యే రోజులు

పలాస సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదికి రెండుసార్లు, మే నడిమధ్యలో ఒకసారి, జూలై చివర మరోసారి, సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గుంజకు ఆ నిమిషంలో నీడే ఉండదు. అదీ పన్నెండు కొట్టకముందే, మేలో అయితే 11.50 ప్రాంతంలో. మన దేశ సమయాన్ని లెక్కగట్టే రేఖకు పలాస ఉన్న ఉద్దానం ప్రాంతం కాస్త తూర్పున ఉంది మరి. గడియారం చేతికి లేకపోయినా ఫర్వాలేదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే అతినీలలోహిత కిరణాలు గట్టిగా ఉన్నట్టే.

జూలైలో మబ్బు ఉంటుంది కదా అంటారేమో. పలచటి మబ్బులోంచి ఈ కిరణాలు 80 శాతం దాకా దిగివస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మబ్బు తగ్గించేది ముఖ్యంగా వేడిని. ఒంటికి చురుక్కుమనదు కాబట్టి మనం మోసపోతాం.

ఎండ కింద నుంచి కూడా కొడుతుంది

పొడి ఇసుక దాదాపు 15 శాతం, సముద్రపు నురగ దాదాపు 25 శాతం అతినీలలోహిత కిరణాలను తిప్పికొడతాయి. బారువ, భావనపాడు తీరాల్లో వల లాగేవారు టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు కింద ఎండ తగులుతూనే ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల్లో తెల్లటి కుప్పల మధ్య తిరిగేవారి సంగతీ ఇంతే.

బట్ట సంగతి కూడా చూసుకోవాలి. పలచటి తెల్ల బనియను అసలే అంతంతమాత్రం. అది తడిసి ఒంటికి అంటుకుంటే పొడిగా ఉన్నప్పటికంటే దాదాపు రెట్టింపు ఎండను లోపలికి వదులుతుంది. చొక్కాను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. అవతలి మనిషి కనపడితే ఎండకు కూడా దారి ఉన్నట్టే. కూలికెళ్లే మనిషికి, పడవెక్కే మనిషికి నా లెక్కలో మొదటి మందు ఏ ట్యూబూ కాదు: దగ్గర నేతతో ముదురు రంగు పొడుగు చేతుల చొక్కా, చుట్టూ వెడల్పు అంచున్న టోపీ. తువ్వాలు తలపాగా చుడితే నెత్తి చల్లగా ఉంటుంది గానీ చెంపలు ఎండలోనే ఉంటాయి.

సన్‌స్క్రీన్ కాస్త మట్టిరంగులో ఉంటే మనకు మేలు

కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా ముదురు రంగు చర్మాన్ని నల్లబరుస్తుందని, ఆ నలుపు వారాల తరబడి నిలుస్తుందని 2010లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు చూపించారు. అదే వెలుతురు బాగా తెల్లటి చర్మం మీద ఆ పని చేయలేదు. తెల్లగా, పారదర్శకంగా ఉండే మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలనే ఆపుతుంది, వెలుతురును ఆపదు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన టింటెడ్ సన్‌స్క్రీన్. మొహం మీద మంగు మచ్చలు ఉన్నవారికి చర్మ వైద్యులు ఈ రకమే రాసేది అందుకే. మన ఎర్రమట్టికి ఎరుపునిచ్చేదీ, కాలమిన్ లోషన్‌కు గులాబీ రంగునిచ్చేదీ ఐరన్ ఆక్సైడే. అలాగని మట్టి పూసుకోమనో, కాలమిన్‌ను సన్‌స్క్రీన్‌గా వాడమనో అర్థం కాదు.

ఎస్‌పీఎఫ్ 30 చాలు. చర్మాన్ని కాల్చే కిరణాలను అది సుమారు 97 శాతం ఆపితే 50 ఆపేది 98. అసలు తేడా రాసే మోతాదులో వస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకూ సరిపోతుంది. ఆ లెక్కన రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు మూడు నాలుగు వారాల్లో అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే మీరు రాసింది సన్‌స్క్రీన్ వాసన మాత్రమే.

జీడి మచ్చ ఎండ మచ్చ కాదు

పలాస–కాశీబుగ్గ జీడి కార్ఖానాల్లో పిక్కలు వలిచే అమ్మల వేళ్లు ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలి కొస, చూపుడువేలి పక్క, గోళ్ల అంచులు నల్లగా బిరుసెక్కి ఉంటాయి. కొన్నిచోట్ల పైపొర లేచి లోపల లేతరంగు కనిపిస్తుంది. ఇది ఎండకు వచ్చింది కాదు. జీడిపిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే ఘాటు పదార్థాలుంటాయి. తగిలినచోట పొక్కుతుంది, పొక్కినచోట నల్లబడుతుంది. జీడిమామిడి, మామిడి, చాకలివారు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబం. మామిడికాయ కొరికితే సొన తగిలి మూతి పొక్కడం కూడా ఈ చుట్టరికం పుణ్యమే.

పిక్కల పని చేసేవారు చేతులకు నూనె, బూడిద రాసుకోవడం పాత అలవాటు. అది కొంత అడ్డుపడుతుంది గానీ సరైన చేతితొడుగులకు సాటి రాదు. ముఖ్యంగా ఆ చేత్తో కళ్లు నులుముకోవద్దు, చెమట తుడుచుకోవద్దు. రెప్పల చుట్టూ నల్లబడటానికి ఆ కాస్త జీడి నూనె చాలు. తగిలిన వెంటనే సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగాలి. కిరోసిన్‌తో తుడవడం మంట మీద మంట. పని సాగుతున్నంతకాలం ఏ మచ్చల క్రీమూ ఈ వేళ్ల మీద పనిచేయదు. పొక్కిన చర్మం మీద రాస్తే ఇంకా నల్లబడుతుంది. ముందు తొడుగు, తర్వాతే మందు.

బొట్టు పెట్టేచోటా, జుట్టు అంచునా

నుదుటి మధ్య మాత్రమే నల్లబడితే అనుమానించాల్సింది ఎండను కాదు, కుంకుమలో కలిపిన కృత్రిమ రంగును, లేదా స్టిక్కర్ జిగురును. స్టిక్కర్ అయితే ఒక్కోసారి నలుపుకు బదులు తెల్ల మచ్చ పడుతుంది. జుట్టు అంచు వెంట, కణతల మీద నలుపు దిగితే హెయిర్ డైని అడగాలి. వాడకం ఆపితే చాలావరకు మెల్లగా తగ్గుతుంది.

మెడ మీద నలుపు రుద్దితే పోదు

మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మురికీ కాదు, ఎండా కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని ఒళ్లు చెబుతున్న కబురు. పీచుతో తోమి పిల్లల మెడ పుండు చేసే బదులు బరువు, షుగరు చూపించండి.

మెడ చుట్టూ హారం వేసినట్టుగా, ముంజేతుల మీద తొడుగు వేసినట్టుగా ఎండ పడినంతమేర నల్లబడి పొరలు లేస్తే అది పెల్లాగ్రా కావచ్చు, అంటే నియాసిన్ అనే బి విటమిన్ లోపం. జొన్న మీదే బతికే దక్కన్ పల్లెల్లో ఇది ఎందుకు వస్తోందో వెతికి, జొన్నలోని లూసిన్‌కు దీనికి సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించింది హైదరాబాద్ పోషకాహార పరిశోధనాలయంలోని గోపాలన్, శ్రీకాంతయ్యలే. ఇప్పుడు ఈ జబ్బు బాగా అరుదైంది గానీ, తిండి మాని తాగేవారిలో కనిపిస్తూనే ఉంటుంది. వైద్యం విటమిన్ మాత్రలు, సరైన తిండి.

శోభి మనకొక మందునిచ్చింది

ఎండాకాలంలో భుజాల మీద, వీపు మీద బూడిద చల్లినట్టు తెల్లమచ్చలు లేస్తాయి. అదే శోభి. బొల్లి అనుకుని బెంబేలు పడతారు. ఇది చర్మం మీద మామూలుగానే బతికే ఒక బూజు పని. చుట్టూ చర్మం ఎండకు నల్లబడేసరికి మచ్చ తేటగా తేలుతుంది. బూజు మందుతో తగ్గుతుంది, రంగు కలవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

ఈ బూజు చర్మం రంగును ఎలా తగ్గిస్తోందని 1970లలో ఇటలీ శాస్త్రవేత్తలు వెతుకుతూ పోతే అజిలాయిక్ ఆమ్లం దగ్గర తేలారు. ఇవాళ అదే క్రీముగా మంగుకు, మొటిమల మచ్చలకు వాడుతున్నారు. గోధుమలో, బార్లీలో కూడా దొరికే పదార్థం. గర్భిణులకు ఇవ్వదగ్గ కొద్ది మందుల్లో ఇదొకటి. మంగు తరచుగా గర్భంతోనే మొదలవుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పని నెమ్మది, మొదట్లో కాస్త చిమచిమ.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, చెమట పట్టకపోతే శోభి అనుకుని కూర్చోవద్దు. అది కుష్టు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

నిమ్మచెక్క మొహానికి కాదు

నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే రసంలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చేస్తాయి. మచ్చ పోవడానికి రాసింది ఇంకో పెద్ద మచ్చ తెస్తుంది. వంటసోడా, టూత్‌పేస్టు కూడా ఇదే బాపతు. పెరుగు, శనగపిండి చాలామందికి హాని చేయవు, మచ్చనూ తీయవు. చర్మం మెత్తబడి కాసేపు నిగారింపు వస్తుంది, అంతవరకే.

1975 ఒక్క ఏడాదిలో నాలుగు సంగతులు

చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌ప్యాట్రిక్ పట్టిక 1975లో పుట్టింది. మొదట అది తెల్లటి చర్మాల కోసమే, ముదురు చర్మాలను తర్వాత చేర్చారు. అదే ఏడు అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మచ్చల మందును ప్రకటించారు. అదే ఏడు మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్‌లీ బజారులోకి వచ్చింది. పేరులోని ఫెయిర్ పోవడానికి 2020 దాకా పట్టింది. అదే ఏడు దక్షిణాఫ్రికా నుంచి ఫిండ్లే అనే చర్మ వైద్యుడు ఒక వింత సంగతి రాశాడు. తెల్లబడాలని హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి రాసుకున్న నల్లజాతి స్త్రీల చెంపలు నీలి నలుపుకు తిరిగి, చేపగుడ్లు అద్దినట్టు గరుకెక్కాయి. ఆక్రనోసిస్ అంటారు, తిరిగి మామూలు కావడం చాలా కష్టం.

హైడ్రోక్వినోన్ చెడ్డ మందని దీనర్థం కాదు. డాక్టరు చూస్తుండగా కొన్ని నెలలు వాడి ఆపితే మంగుకు అంత బాగా పనిచేసేవి తక్కువ. చీటీ చూపించి ఏళ్ల తరబడి అదే ట్యూబు కొనుక్కోవడమే అసలు ముప్పు.

పేరు చివర 'సోన్', 'సోల్' ఉంటే ఆగండి

పదిరోజుల్లో మొహం తేటబడింది, పక్కింటమ్మాయికి కూడా చెప్పాను అన్నారంటే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. బెటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్... పేరు చివర చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. దేశంలో 12 చర్మవైద్య కేంద్రాల్లో మొహం సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నవారే. 2011లో అచ్చయిన ఈ అధ్యయనం తర్వాతే చర్మ వైద్యులు గట్టిగా గొడవ చేశారు. 2018లో ప్రభుత్వం ఈ పైపూతలను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఆ జాబితా ఎంతవరకు అమలవుతోందో మీ వీధి చివర షాపులో మీకే తెలుసు.

నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలుతాయి, ఆడపిల్లలకు మొహం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళితే భగ్గుమంటుంది. మానేస్తే మరింత ఎర్రబడి మండుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. ఎన్నాళ్లుగానో రాస్తున్నవారు ఒక్కసారిగా ఆపే ముందు చర్మ వైద్యుణ్ని కలవడం మంచిది, మెల్లగా మాన్పించే పద్ధతి ఉంది. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో వెళితే చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. నెలల తరబడి సాగే వైద్యానికి ఓపిక పట్టాలి. పైపొరలోని మచ్చ తగ్గడానికే నెలలు కావాలి, లోతుగా దిగిన రంగుకు ఏళ్లు. వారంలో పోగొడతానన్నవాడి దగ్గర, పార్లర్‌లో ఘాటు బ్లీచ్ పెట్టేవారి దగ్గర, ముదురు చర్మం మీద అనుభవం లేకుండా లేజర్ పట్టుకున్నవారి దగ్గర ఆగకండి.

ఉద్దానంలో మచ్చల మందుకు ముందు క్రియాటినిన్

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు చెబితే కొబ్బరితోపు ఎంత గుర్తొస్తుందో కిడ్నీ జబ్బూ అంతే గుర్తొస్తుంది. కారణం ఇప్పటికీ ఖాయంగా తేలని ఈ జబ్బు కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. చర్మం రంగుకు దీంతో ఏం పని అంటారా? మూడు రకాలుగా ఉంది.

ఒకటి, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో రంగును ప్రేరేపించే హార్మోను బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది. మొహం, చేతులు, ఎండ తగిలే చోట్లన్నీ మసిబారినట్టు అవుతాయి. ఏ ఎండాకాలంలోనూ లేనంతగా ఒళ్లు నల్లబడి, దురద, నీరసం కూడా ఉంటే క్రీము కొనే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి.

రెండు, మంగుకు ఇప్పుడు ట్రానెక్సమిక్ ఆమ్లం మాత్రలు బాగా వాడుకలోకి వచ్చాయి. 1962లో జపాన్‌లో ఒకామోటో దంపతులు రక్తస్రావం ఆపడానికి కనిపెట్టిన మందు ఇది. మచ్చ తగ్గుతుందన్నది తర్వాత బయటపడిన గుణం. మింగిన మందులో ఒంటికి పట్టినదంతా దాదాపు మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ సరిగా లేకపోతే ఒంట్లోనే నిలిచి ప్రమాదం తెస్తుంది. రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవారికీ పనికిరాదు. పక్కింటామె మాత్ర మీరు మింగకూడదు.

మూడోది పాదరసం. రంగు తయారీని అది నిజంగానే ఆపుతుంది, అందుకే దొంగ క్రీముల్లో కలుపుతారు. చర్మంలోంచి లోపలికి దిగి కిడ్నీ వడపోతను దెబ్బతీస్తుంది. కేరళలోని కోట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందిలో నెల్-1 అనే గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. క్రీము ఆపాక చాలామంది కోలుకున్నారు. ఉద్దానం జబ్బుకు ఈ క్రీములే కారణమని ఎవరూ అనడం లేదు, నేనూ అనను. కానీ అసలే కిడ్నీల మీద బరువున్న ఊళ్లలో ఇంకో బరువు కొని తెచ్చుకోవడం ఎందుకు?

తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు లేని డబ్బా కొనకండి. మెర్క్యురీ, కలోమెల్ అనే మాటలున్నా, బంగారానికీ వెండికీ తగలనివ్వొద్దని రాసున్నా అది పాదరసమే అనుకోండి. రాసుకున్న తల్లి చేతుల నుంచి పసిపిల్లల ఒంట్లోకీ చేరుతుంది. ఇప్పటికే అలాంటిది వాడుతూ ఉండి, పొద్దున మూత్రంలో నురగ, పాదాల్లో వాపు కనిపిస్తే ఈరోజే ఆపేసి మూత్ర పరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు ఆ డబ్బాను మూత బిగించి సంచిలో వేసుకెళ్లండి. అందులో ఏముందో చూడటానికి డాక్టరుకు అది కావాలి.